ఏడో పిన్ని బోణీ

అక్టోబరు 1, మంగళవారం

ఈ రోజు సైగాన్ వీధి తిండి టూరులో చేరాను. మొదటి వారం గైడుగా కాదు, అతిథుల్లో ఒకరిగా నడవాలట. నడిపేది పాత గైడు ఖాయ్.

"నోరు మూసుకుని చూడు. వాళ్లు ఎక్కడ నవ్వుతారో, ఎక్కడ ముక్కు మూసుకుంటారో గుర్తుపెట్టుకో. నీ ఇంగ్లీషుకి ఢోకా లేదు చెల్లీ. మొహమే, ప్రార్థనకి ఆలస్యమైనట్టు పెడతావు" అన్నాడు. అతని తలకు రాసుకున్న నూనె వాసన మజిలీ మజిలీకీ నాతో వచ్చింది.

ఎనిమిది మంది అతిథులు. ఐదు మజిలీలు. అట్లు, నత్తలు, పొదిగిన బాతు గుడ్లు, నూడుల్సు, కాఫీ. మూడో మజిలీ కాగితం మీద "గుడ్ల ఆవిడ" అని మాత్రమే ఉంది. సందు మలుపు తిరిగాక తెలిసింది. మా ఏడో పిన్ని బండి. ఇంట్లో పుట్టిన వరస అంకెతోనే సందంతా పిలుస్తుంది.

అమ్మ చనిపోయిన ఏడాది నన్ను సిస్టర్ల బడిలో వేసి, పదహారేళ్లు ఆ గుడ్ల మీదే చదివించిన మనిషి. ఆమెను చూడగానే నేను ఒక పొడుగాటాయన వెనక్కి జరిగాను.

స్టూలు మీద నాలుగో మామయ్య గుడ్డు తింటున్నాడు. చుట్టం కాదు, వరసకు పిలుపే; మోటారు సైకిలు మీద జనాన్ని దింపే ఆయన. నన్ను చూసి చెంచా ఎత్తాడు.

"ఓయ్, ఈ పిల్ల మన..."

పిన్ని గరిటెతో ఆయన మణికట్టు మీద ఒక్కటేసింది. "తినవయ్యా నాలుగో అన్నా! నోట్లో గుడ్డు పెట్టుకుని ఊరంతా పలకరిస్తావేం?"

తరువాత నావైపు తిరిగింది. "అమ్మాయిగారూ, మీరూ తింటారా?"

గారు. మీరు. తల అడ్డంగా ఊపాను.

అతిథులు గుడ్డు పగలగొట్టి, లోపలి పిల్ల ముక్కూ ఈకలూ చూసి కేకలు పెట్టారు. ఒకావిడ కళ్లు మూసుకుని మింగి, వెంటనే ఫోను వైపు నవ్వింది. అసహ్యం వేసింది. గుడ్డు మీద కాదు, ఆ నవ్వు మీద. గుడ్డు మీద కూడా.

బంధువుల బండి దగ్గరికి అతిథుల్ని తీసుకెళ్లకూడదని నిబంధన ఉండే ఉంటుంది. ఏ కంపెనీలోనైనా ఉంటుంది. అందుకే పలకరించలేదు.

అక్టోబరు 2, బుధవారం

జుట్టులో గుడ్ల వాసన. రెండుసార్లు తలంటుకున్నాను. నేను తినలేదు కూడా.

అక్టోబరు 3, గురువారం

చాంద్రమాసం మొదటి రోజు. ఇవాళ బాతు ముట్టుకుంటే నెలంతా దరిద్రమని ఎవరూ తినరు. పిన్ని బండి తియ్యలేదు. మూడో మజిలీ ఖాళీ పోయిందని ఖాయ్ దారంతా సణిగాడు. నాకు హాయిగా ఉంది.

అక్టోబరు 6, ఆదివారం

చర్చిలో పూజ అయ్యాక హాస్టలు నుంచి పిన్ని గదికి వెళ్లాను. ఎప్పుడూ వెళ్లే ఆదివారమే. బల్బు ముందు గుడ్లు ఒక్కొక్కటే పట్టి చూస్తోంది. వెలుగులో లోపలి నరాలు ఎర్రగా కనిపిస్తాయి. చిన్నప్పుడు ఇది చూసినప్పుడల్లా అన్నం మానేసేదాన్ని.

"ఆ పొడుగాయన వెనక బాగా దాక్కున్నావు. చిన్నప్పుడు బియ్యం డబ్బా వెనక దాక్కునేదానివి, కాళ్లు బయట పెట్టి" అంది.

"నిబంధన ఉంది పిన్నీ."

"ఉంటుందిలే. పెద్ద కంపెనీ."

చేప పులుసు పెట్టింది. తిన్నాను.

ఆమె బోణీ ఎప్పుడూ నాలుగో మామయ్యదే. పదకొండేళ్లుగా సరిగ్గా నాలుగు గంటలకు వస్తాడు. ఒక గుడ్డు తింటాడు, బేరమాడడు, డబ్బిచ్చి లేస్తాడు. ఆయన చెయ్యి తేలికట, బోణీ చేస్తే బేరం బాగా సాగుతుందట. ఆయన పెళ్లికో జ్వరానికో రాని రోజు పిన్ని బండి దగ్గర నిలబడి, దారిన పోయేవాళ్ల మొహాలు చదువుతుంది, ఎవరి చెయ్యి మంచిదా అని. నన్ను మాత్రం ఒక్కసారీ బోణీ చెయ్యనివ్వలేదు. ఎనిమిదేళ్లప్పుడు అడిగాను. "ఏడుపు మొహంతో తినే చెయ్యి బోణీకి పనికిరాదే" అంది.

మనిషి చేతిలో అదృష్టం ఉంటుందనుకోవడం పాపమని బడిలో సిస్టర్ మోనిక చెప్పింది. అప్పుడు చాలా సంతోషించాను.

అక్టోబరు 8, మంగళవారం

వాన. నాలుగో మామయ్య ఎవరినో దింపడానికి వెళ్లి ఇరుక్కుపోయినట్టున్నాడు. మేము వెళ్లేసరికి స్టూళ్లన్నీ ఖాళీ. పిన్ని అప్పుడే మూత తీసింది. ఆవిరి ఇంకా పైకి లేస్తోంది.

తొలి బేరం మేమే. నాకు తెలుసు. ఆగుదామని ఖాయ్‌తో చెప్పి ఉండవచ్చు. అతను ఫోనులో మాట్లాడుతూ వెనక ఉండిపోయాడు. చెప్పలేదు.

డగ్లస్ అనే ఆయన ఒక గుడ్డు తీసుకుని పై పెంకు ఒలిచాడు. లోపలికి చూశాడు. "దేవుడా, ఇది నన్ను చూస్తోంది!" అని అరిచి, తిరిగి పళ్లెంలో పెట్టేశాడు. ఆయన భార్య వాంతి చేసుకుంటున్నట్టు నటించింది. మిగతావాళ్లు ఫోటోలు తీశారు. ఎవరూ తినలేదు. తెరిచిన గుడ్డు మూతలేని కుండలా పళ్లెంలో ఉండిపోయింది, వానచుక్కలు అందులో పడుతున్నాయి.

అందరూ కదిలారు. పిన్ని పాత పేపరు ఒకటి చింపి, లైటరుతో అంటించింది. బండి మీద మూడుసార్లు తిప్పింది. స్టూళ్ల కింద తిప్పింది. ఆ తరువాత వెళుతున్నవాళ్ల వీపుల వైపు ఊపింది. "పో పీడా! వచ్చిన దారినే పో! మళ్లీ ఈ సందు తొక్కకు!"

వాళ్లు వెనక్కి తిరిగారు. చప్పట్లు కొట్టారు.

"ఎంత బాగుందో! ఏమిటది? ఆవిడేమంటోంది?" అని డగ్లస్ భార్య నన్నే అడిగింది. ఎనిమిది మంది నా నోటికేసి చూశారు. ఎవరైనా అలా చూస్తే నాకు చెమట పడుతుంది.

"మీ ప్రయాణం బాగా సాగాలని దీవిస్తోంది" అన్నాను.

ఆవిడ కళ్లలో నీళ్లు వచ్చాయి. చేతులు జోడించి పిన్నికి వంగి నమస్కారం పెట్టింది. చేతిలో మంట పట్టుకుని పిన్ని అలాగే నిలబడిపోయింది.

అక్టోబరు 9, బుధవారం

అది అబద్ధం కాదు. మర్యాద.

అక్టోబరు 12, శనివారం

ఖాయ్ ఫోను చూపించాడు. డగ్లస్ భార్య పెద్ద వ్యాసమే రాసింది. "దీవెన మంట" అని పేరు పెట్టింది. సైగాన్‌లో తాను చూసిన అతి పవిత్రమైన క్షణమట. కింద రెండు వందల మంది గుండె బొమ్మలు పెట్టారు.

"ఎవరిదమ్మా ఈ తెలివి?" అని ఖాయ్ నా భుజం తట్టాడు. అతని చెయ్యి జిడ్డుగా ఉంది. "రేపు ఆ అక్కతో మాట్లాడదాం."

అక్టోబరు 13, ఆదివారం

ఆదివారాలు నేనొక్కదాన్నే వెళ్లే పిన్ని గదికి ఖాయ్ వెనక వెళ్లాను, దారి తెలియనట్టు.

"ఏడో అక్కా, ఆ మంట రోజూ వెయ్యాలి" అన్నాడు.

"ఏ మంట?"

"అదే, దీవెన."

"దీవెనా? నేనా? ఎవరన్నారు?"

"ఇదిగో, మా చెల్లే చెప్పింది. సిస్టర్ల దగ్గర చదువుకుంది. ఇలాంటివన్నీ దీనికి తెలుసు."

పిన్ని నన్ను చూసింది. నేను గోడ మీది అమ్మ ఫోటో చూశాను.

"సిస్టర్ల దగ్గర చదివిందా? అయితే తెలిసే ఉంటుంది" అంది.

"అదేమిటో నాకు మాత్రం తెలీదా అక్కా? మా అమ్మ చేపల బజార్లో రోజుకి రెండుసార్లు కాల్చేది. వాళ్లకెవరు చెప్తారు? వాళ్లకి దీవెన, నీకు దిష్టి తీసినట్టు. ఇద్దరికీ మంచిదే."

"పీడ వచ్చినప్పుడు కాల్చేది తమ్ముడూ అది. రోజూ కాలిస్తే రోజూ పీడ ఉందని ఊరికి చాటినట్టు. పైగా బోణీ చేసిన వాళ్ల వెనకే కాల్చమంటావా? కొన్న చేతిని తిట్టినట్టు కాదూ?"

"అయితే ఇంకో బండి చూసుకుంటాం. ఈ చెల్లిని పైవాళ్లు గైడుగా ఖాయం చెయ్యాలన్నా ఈ మంట ఉండాలి. అందరూ దాని గురించే అడుగుతున్నారు."

పిన్ని గుడ్డు ఒకటి బల్బుకి పట్టి చాలాసేపు చూసింది.

"సరే. అమ్మాయిగారి ఉద్యోగం కోసం" అంది.

అక్టోబరు 15, మంగళవారం

నాకు నేనుగా నడిపిన మొదటి టూరు. ఖాయ్ వెనక నిలబడి తల ఊపాడు. మేము రాకముందు స్టూళ్ల మీద ఎవరూ ఉండకూడదని కూడా పెట్టాడు, ఫోటోలు బాగా రావాలని. నాలుగో మామయ్య సందు చివర మోటారు సైకిలు మీద కూర్చుని మా పని అయ్యేదాకా ఆగాడు. ఆయన పదకొండేళ్ల బోణీ మా పాలైంది.

పిన్ని దీవించింది.

అక్టోబరు 16, బుధవారం

దీవించింది. ఆరుగురు.

అక్టోబరు 17, గురువారం

దీవించింది. ఒకాయన ఇంకోసారి చెయ్యమన్నాడు, ఫోను ఆన్ చెయ్యడం మరిచిపోయాడట. ఇంకోసారి దీవించింది.

అక్టోబరు 19, శనివారం

నోట్లో కాలిన కాగితం రుచి. కాఫీలో, అన్నంలో, ఉమ్మిలో.

అక్టోబరు 22, మంగళవారం

ఇది రాయాలనిపించడం లేదు.

ఇవాళ నాలుగో మామయ్య ఆగలేదు. అతిథులు లేచీ లేవకముందే వచ్చి కూర్చున్నాడు. గొంతు పెంచి, "ఏడో చెల్లీ, నా పొట్ట నీ దొరల కోసం ఆగదే!" అన్నాడు. పిన్ని నవ్వింది. చాలా రోజులకి. ఆయనకు గుడ్డు పెట్టి, ఉప్పూ మిరియాలూ నిమ్మకాయా ఉన్న చిన్న పళ్లెం ముందుకు జరిపింది.

అప్పుడే ఖాయ్ గడియారం వైపు వేలు చూపించాడు. పిన్ని కాగితం అంటించింది. బండి మీద తిప్పింది. అతిథులు ఫోన్లు ఎత్తారు. మంట వాళ్ల వైపు ఊపుతుంటే గాలి తిరిగింది. కాలిన ముక్క ఎగిరి వచ్చి నాలుగో మామయ్య ఉప్పులో పడింది.

ఆయన దాన్నే చూశాడు. చెంచా కింద పెట్టాడు.

"నాకా?" అన్నాడు.

"కాదన్నా! నీకు కాదు, వాళ్లకి..."

"పదకొండేళ్లు నీ బోణీ చేశాను. నా మొహం ముందే దిష్టి తీశావు."

"అన్నా, ఇది తమాషా! ఉత్త తమాషా అన్నా!"

"దిష్టి తమాషా ఎట్లా అవుతుందే?"

డబ్బు స్టూలు మీద పెట్టి, తినని గుడ్డు వదిలి వెళ్లిపోయాడు. ఒకమ్మాయి నన్నడిగింది, ఆయనకూ దీవెన దొరికిందా అని.

దొరికిందన్నాను.

అక్టోబరు 25, శుక్రవారం

సందులో వాళ్లు ఇప్పుడు బండికి అవతలి పక్కగా నడుస్తున్నారు. రోజూ కాగితం కాల్చే చోట ఏ పీడ ఉందో అని. ఇస్త్రీ ఆవిడ పిల్లల చేతులు పట్టుకుని మరీ దాటుతోంది.

టూరు వస్తోంది కదా. ఎనిమిది మంది అతిథులూ కలిసి కొనేది ఒక్క గుడ్డు.

అక్టోబరు 27, ఆదివారం

పిన్ని గదిలో గంపలు నిండుగా ఉన్నాయి. అమ్ముడుపోనివి తనే తింటోంది. పొద్దున మూడు, రాత్రి మూడు. పూటకి సరిసంఖ్య తింటే పీడ పోదని అప్పుడూ మరిచిపోలేదు. రోజులు ముదిరినవి ఈకలు గట్టిపడి నోట్లో పీచులా తగులుతున్నాయట. గది నిండా వాసన. ముక్కు మూసుకోవాలనిపించింది. మూసుకున్నాను కూడా, ఆమె అటు తిరిగినప్పుడు.

"నాలుగో మామయ్య వచ్చాడా?" అన్నాను.

"నీ ఉద్యోగం ఖాయమైందా?" అంది.

"ఒకటో తారీకున చెప్తారు."

"అయితే అప్పటిదాకా కాలుద్దాం."

అక్టోబరు 28, సోమవారం

సిస్టర్ మోనికకి చెప్పాను, అబద్ధమాడానని. ఎవరితో అని అడిగింది. అతిథులతో అన్నాను.

"వాళ్లతోనేనా?" అంది.

నాకు కోపం వచ్చింది. లేచి వచ్చేశాను.

అక్టోబరు 29, మంగళవారం

చెప్పేశాను.

పిన్ని కాగితం చింపుతుండగా అతిథుల వైపు తిరిగాను. "ఇది దీవెన కాదు. తొలి బేరం చెడగొట్టిన వాళ్ల పీడ పోవడానికి వేసే మంట. మీరు వస్తారు, తినరు, పోతారు. మిమ్మల్ని తరుముతోంది. మూడు వారాలుగా మిమ్మల్ని తరుముతోంది" అన్నాను.

వాళ్లు పగలబడి నవ్వారు.

"ఇది దీవెనకంటే బాగుంది!" అన్నాడొకడు. "నన్నూ తరిమేయమను!" అని ఒకావిడ వీపు తిప్పి నిలబడింది. ఇంకొకరు ఆమె వెనక. వరసకట్టారు. ఒకాయన తల వంచి, "నాకు చాలా పీడ ఉంది, నా మొదటి భార్యనడగండి" అన్నాడు. మళ్లీ నవ్వులు.

నిజం కూడా వాళ్లు నమిలేశారు.

"అదరగొట్టావు చెల్లీ! రేపట్నించి ఇదే చెప్పు" అన్నాడు ఖాయ్.

"ఆమె మా పిన్ని" అన్నాను, అందరూ వినేలా. నా గొంతు అంత పెద్దదని నాకు తెలియదు. "మా అమ్మ చెల్లెలు. నన్ను పెంచింది."

ఖాయ్ భుజాలు ఎగరేశాడు. "అయితే? రెండో మజిలీ మా అత్తగారిదే కదా."

నిబంధన లేదు. ఎప్పుడూ లేదు. నేను ఎవరినీ అడగలేదు.

"ఇక మూడో మజిలీ ఉండదు" అన్నాను.

"అయితే నువ్వూ ఉండనక్కర్లేదు" అని, అతిథుల్ని వెంటబెట్టుకుని వెళ్లిపోయాడు. వరసలో ఉన్నావిడ వీపు తిప్పుకునే వెళ్లింది, పాపం, తరుముతారేమోనని.

పిన్ని చేతిలో కాగితం వేళ్ల దాకా కాలింది. కాలవలోకి విసిరేసింది.

"నా బండి దగ్గరికి ఎవరు రావాలో నువ్వెవరే చెప్పడానికి?" అంది. నాలుగు వారాల తరువాత బండి దగ్గర 'మీరు' పోయింది. "మొదట నా నోట్లో మాట మార్చావు. ఇప్పుడు వచ్చేవాళ్లని తరిమావు. సందులో వాళ్లు రారు, దొరలు రారు. ఈ గుడ్లు ఎవరు తినాలి? మీ సిస్టర్లా?"

"పిన్నీ..."

"వెళ్లు. బోణీ వేళకి నా ముందు నిలబడకు."

అక్టోబరు 30, బుధవారం

వెళ్లలేదు.

అక్టోబరు 31, గురువారం

సందు చివరి దాకా వెళ్లాను. నాలుగున్నర. మూత కూడా తియ్యలేదు, చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చుంది. తిరిగి వచ్చేశాను.

నవంబరు 1, శుక్రవారం

పునీతుల పండుగ. చాంద్రమాసం మొదటి రోజు కూడా. పిన్ని బండి ఉండదు.

రేపు నెల బోణీ. రేపటి చెయ్యి చెడ్డదైతే నెలంతా అంతే అంటుంది. నేనిది నమ్మను. ఆమె నమ్ముతుంది. పదహారేళ్లు నా ఫీజు కట్టింది ఆమె నమ్మకమే.

నవంబరు 2, శనివారం

పొద్దున మృతుల పూజ. అమ్మ పేరు చదివించాను. మధ్యాహ్నం ఏమీ తినలేదు, కడుపులో చోటు ఉండాలని.

నాలుగు కొట్టేసరికి సందులో ఉన్నాను. నాలుగో మామయ్య మలుపులో మోటారు సైకిలు మీద, టోపీ మొహం మీదికి లాక్కుని పడుకున్నట్టు ఉన్నాడు. పడుకోలేదు. టోపీ కింద నుంచి చూస్తున్నాడు.

పిన్ని అప్పుడే మూత తీసింది. నేను వెళ్లి స్టూలు మీద కూర్చున్నాను.

"పిన్నీ, ఒక గుడ్డు."

"లే" అంది.

లేవలేదు.

"నెల బోణీ అది. నీ చెయ్యి సంగతి నాకు తెలీదా? ఈక కనిపిస్తే చాలు, ఎలక తగిలినట్టు ఎగిరేదానివి."

"ఒక గుడ్డు" అన్నాను.

సందులో ఇస్త్రీ చప్పుడు ఆగింది. పిన్ని అటూ ఇటూ చూసింది. ఇంకెవరూ రావడం లేదు. గుడ్డు తీసి చిన్న గిన్నెలో నిలబెట్టింది. ఆకులు పెట్టింది. ఉప్పు పెట్టింది.

చెంచాతో పెంకు కొట్టాను. పై భాగం ఒలిచి, ముందు రసం తాగాను. వెచ్చగా, కోడి పులుసులా ఉంది. ఆ తరువాత అది. ముక్కు నాలుక మీద తెలిసింది. ఈకలు తడి వెంట్రుకల్లా పళ్ల మధ్య ఇరుక్కున్నాయి. ఏదో మెత్తటిది పగిలి చేదుగా కారింది. మొహం కదలనివ్వలేదు. పిన్ని నా మొహాన్నే చూస్తోంది, బల్బు ముందు గుడ్డుని చూసినట్టు. నమిలాను. మింగాను.

"బాగుంది" అన్నాను.

పిన్ని ఇంకో గుడ్డు పెట్టింది.

"రెండు తినకూడదు కదా" అన్నాను.

"తెలుసుగా. అయితే మూడోది కూడా తిను. నువ్వు చేసిన దానికి ఒక్కటి ఎక్కడ సరిపోతుంది?"

తప్పు ఒప్పుకున్నాక బడిలో ఫాదరు పది ప్రార్థనలు చెప్పమనేవాడు. అవి తేలిక. రెండోది తిన్నాను. మూడోది ముదురు. దాని కాలు ఒకటి గొంతులో అడ్డం తిరిగింది. కళ్లలో నీళ్లు వచ్చాయి.

"ఏడుపా?" అంది పిన్ని వెంటనే.

"మిరియాలు."

డబ్బిచ్చాను. చిల్లర అడగలేదు. లేచాను. బోణీ చేసినవాళ్లు వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లాలి. నడిచాను. వీపు మీదే ఉంది నా ప్రాణమంతా.

వెనక లైటరు చప్పుడైంది.

ఆగిపోయాను. తిరగలేదు. కాగితం కాలిన వాసన కోసం ఎదురుచూశాను. రాలేదు. పొగాకు వాసన వచ్చింది. స్టూలు ఒకటి నేల మీద జరిగింది.

"ఎవరే ఆ పిల్ల, అంత బాగా తింది?" నాలుగో మామయ్య గొంతు, నన్ను ఎరగనట్టు.

"మా అక్క కూతురు" అంది పిన్ని. "సిగరెట్టు ఆర్పు, గుడ్డు చల్లారిపోతుంది."

చెంచాతో పెంకు కొట్టిన చప్పుడు వినిపించింది.

మలుపు తిరిగాక, ఇస్త్రీ కొట్టు వెనక గోడ పట్టుకుని మూడూ కక్కేశాను. ఎవరూ చూడలేదు. పిన్నికి చెప్పను. ఇక్కడ రాసుకున్నాను, చాలు.